స్తంభంతో చెప్పిన పాఠం

అత్తవారింట్లో నేను అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఒక స్తంభంతో. వేళాకోళం కాదు. పాతపట్నం కోమట్ల వీధిలో మా ఇంటికి ముందు అరుగు, అరుగు దాటితే వాకిలి, వాకిలి పక్కన చేతులు తగిలి తగిలి నున్నబడిపోయిన టేకు స్తంభం. కోడలన్నది మావగారి ఎదట పడకూడదు, ఆయనతో నోరు విప్పి మాట్లాడకూడదు. అది ఆ ఇంటి ఆచారం. మరి పనుంటే? స్తంభానికి చెప్పాలి. "స్తంభమా, మావగారికి సెప్పు, అన్నం వడ్డించేను" అని లోపల్నించి నేననాలి. "స్తంభమా, కోడలికి సెప్పు, పులుసులో ఉప్పు లేదు" అని అరుగు మీద నుంచి ఆయననాలి. ఇటొక మనిషి, అటొక మనిషి, మధ్యన కర్ర. పండగొస్తే ఆ కర్రకి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. దానికున్న మర్యాద ఆ ఇంట్లో నాకు లేదు.

నా పేరు కన్యకాపరమేశ్వరి. మా కులదేవత పేరు. గుళ్ళో ఆ పేరుకి రోజూ హారతి పట్టేవారు గానీ ఇంట్లో ఆ పేరు ఒక్కరి నోటా వచ్చేది కాదు. మా అత్త మహాలక్ష్మమ్మకి నేను "ఒసే"ని. మా ఆయన లక్ష్మణరావుకి "ఇదిగో"ని. పెళ్ళాం పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందట. మావగారికి నేను "కోడలు", అదీ స్తంభం ద్వారా.

మావగారు జగన్నాధం గారు పర్లాకిమిడి కాలేజీలో ఎఫ్.ఏ. దాకా చదివి పరీక్ష తప్పేరు. తప్పినా సరే, మా షావుకార్లలో అంత చదివినవాడు అప్పట్లో ఆ చుట్టుపక్కల లేడు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా. కొట్టు మా ఆయన చూసుకునేవారు, మావగారు అరుగు మీద ఇంగ్లీషు చెప్పేవారు. యుద్ధం అయిపోయింది గానీ కంట్రోలు అయిపోలేదు. గుడ్డకి పర్మిట్టు, కిరసనాయిలుకి పర్మిట్టు, పంచదారకి పర్మిట్టు. ఆఫీసరు ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాకపోతే షావుకారు పని గోవిందా. అందుకని టెక్కలి నుంచి కూడా చిన్నరైలెక్కి, మీసాలు నెరిసిన పెద్దమనుషులు మా అరుగు మీదకి వచ్చి బుద్ధిగా కూర్చునేవారు.

ఆయన చెప్పేది ఒకే ఒక్క క్రియ. గెట్. "ఇంగ్లీషంతా నేర్సుకోడానికి మన ఆయుష్షు సాలదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి, దొరతోనైనా నెట్టుకొచ్చేస్తారు" అనేవారు. లేవడానికి గెట్ అప్, దిగడానికి గెట్ డౌన్, పొమ్మనడానికి గెట్ అవుట్. పర్మిట్టు దొరికితే గెట్, జ్వరం వస్తే గెట్, ఆ జ్వరం తగ్గితే గెట్. పెళ్ళి చేసుకుంటే గెట్, వానలో తడిస్తే గెట్, అవతలివాడి మాట అర్థమైతే గెట్. షావుకార్లు పద్యం వల్లించినట్టు వల్లించేవారు. లోపల బియ్యం చెరుగుతూ నేను వినేదాన్ని. తప్పులు కూడా వినేదాన్ని.

ఎందుకంటే నాకు ఇంగ్లీషు వచ్చు. మా నాన్న సూరయ్య కళింగపట్నం రేవులో ఓడలకి బియ్యం, నూనె, ఉల్లిపాయలు సరఫరా చేసేవాడు. ఓడవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు నేర్చుకున్నాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాకూ నేర్పేడు. మూడో ఫారం దాకా బడికి పంపేడు. ఆ తరవాత పెళ్ళి చేసేడు. పెళ్ళి చేసి పంపినప్పుడు నా ఇంగ్లీషు ఏమైపోతుందో ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు.

మావగారు మొదటిసారి తడబడింది ఒక ముసురు రోజు. టెక్కలి షావుకారు గణపతిరావు గారు గొడుగు మడుస్తూ అడిగేరు. "పంతులుగారూ, దొరకడమూ గెట్టే, తడవడమూ గెట్టే అంటే ఎలాగండీ? దొరికితే లాభం. తడిస్తే ఏటి లాభం?"

అందరూ నవ్వేరు. మావగారు నవ్వలేదు. ఆయనకి జవాబు తెలీదు. దగ్గేరు, కండువా సర్దుకున్నారు, మళ్ళీ దగ్గేరు. నాకు నోరు ఊరుకోలేదు.

"స్తంభమా, మావగారికి సెప్పు" అన్నాను లోపల్నించి. "మనకి 'పడు' అన్న మాట లేదా? కష్టపడతాం, భయపడతాం, సిగ్గుపడతాం, జబ్బు పడతాం. వీటన్నిట్లోనూ కింద పడిపోతన్నామా? లేదు కదా. ఆ మాట దేని పక్కన సేరితే ఆ పని సేస్తాది. వాళ్ళకి గెట్ అలాగే. తేడా ఒక్కటే. ఏదొచ్చినా వాళ్ళు 'సంపాదించేం' అంటారు, ఏదొచ్చినా మనం 'పడ్డాం' అంటాం. ఏలేవోడి మాట అది, ఏలించుకునేవోడి మాట ఇది."

 గణపతిరావు గారు తొడ చరిచి "ఆహా, ఎంత మాట!" అన్నారు. మావగారు గొంతు సవరించుకున్నారు.

"అదే నేను సెప్పబోతన్నాను" అన్నారు.

అక్కడితో మొదలైంది. మర్నాటి నుంచి ఎక్కడ తెలియకపోతే అక్కడ ఆయన చేతికర్రతో స్తంభం మీద టకటకా కొట్టేవారు. నేను లోపల్నించి అందించేదాన్ని. "అదే నేను సెప్పబోతన్నాను" అని ఆయన అందుకునేవారు. రోజులు గడిచేకొద్దీ తెలియనివి పోయి మరిచిపోయినవి మొదలయ్యేయి. నిన్న చెప్పిన పాఠం ఇవాళ మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికించేవారు. పెద్దతనం అన్నారు మా ఆయన. పెద్దతనమే. కాదనను. కానీ ఆయన మరిచిపోతున్న కొద్దీ ఆయన పేరు పెరుగుతోంది. ఆ చోద్యం నేను తలుపు వెనక నుంచి చూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నం అత్త కునుకు తీసినప్పుడు మావగారి లావుపాటి డిక్షనరీ దించి చదివేదాన్ని. ఏ మాట ఎక్కడ పుట్టిందో కూడా అందులో ఉండేది. గెట్ ఇంగ్లీషువాళ్ళ సొంత సొత్తు కాదట. ఎప్పుడో ఉత్తరపు సముద్రాల మీద నుంచి ఓడలేసుకుని దోపిడీకి వచ్చిన జనం దాన్ని వాళ్ళ దేశంలో దింపేరట. రేవులో పుట్టి పెరిగినదాన్ని, ఓడ మీద వచ్చిన మాటంటే నాకు చుట్టం వచ్చినట్టే అనిపించింది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు. అత్త లేచి చీవాట్లు పెట్టింది. పడ్డాను.

ఒకరోజు పర్లాకిమిడి నుంచి వచ్చిన కొత్త షావుకారు అడిగేడు. "లోపల్నించి సెప్పేది ఎవరండీ?"

"మా కోడలు" అన్నారు మావగారు. "సిలకకి నేర్పినట్టు నేర్పేను. ఎనకాల పలుకుతాది."

చేతిలో చేట కింద పడేసేను. వెనకాల పలికేది ఎవరు, ముందు చెప్పేది ఎవరు? ఆ పూట పప్పులో మిరపకాయలు రెట్టింపు వేసేను. తండ్రీకొడుకులిద్దరూ చెంబులకి చెంబులు నీళ్ళు తాగేరు. నా కడుపుమంటకి మాత్రం నీళ్ళు లేవు.

ఆ ఏడు పాతపట్నంలో ఆడపిల్లల బడి పెట్టడానికి పూనుకున్నారు. ఊరి పెద్దలు స్థలం ఇచ్చేరు, పెంకుటిల్లు వేసేరు. ఇంగ్లీషు చెప్పడానికి మనిషి కావాలన్నారు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నించి నాకు వేరే ధ్యాస లేదు. ఆడపిల్లలు. వాళ్ళ ముందు నేను నిలబడితే ఎవరి ఆచారం చెడుతుంది? మధ్యన స్తంభం ఎందుకు? మా ఆయన భోజనం అయ్యి తాంబూలం వేసుకుంటున్నప్పుడు అడిగేను.

"నన్ను ఆ బడికి పంపండి. నేను సెప్పగలను. మీకూ తెలుసు, నేను సెప్పగలనని."

మా ఆయన వక్క నవుల్తూ అత్త కేసి చూసేరు. అత్త అంది. "షావుకారింటి కోడలు ఈదిలోకెళ్ళి బతకాలేటే? కొట్టు దివాలా తీసిందనుకోరూ?"

నాలుగు రోజులు పోయేక మా ఆయన కొట్టు నుంచి నవ్వుకుంటూ వచ్చేరు. "ఇదిగో! బడి సంగతి తేలిపోయింది. అయ్యకే ఇస్తారట. ముసలాయన, మర్యాదస్తుడు, ఆడపిల్లల బళ్ళో అలాంటి మనిషైతే బాగుంటాదని పెద్దలందరూ ఒప్పుకున్నారు."

నేను చెంబు కింద పెట్టేను. "ఆయనకి నిన్నటిది ఇవాళ గుర్తుండదు. ఎలా సెప్తారు?"

"అదీ ఆలోసించేం. బడి గదిలో ఓ మూల సాపతో తెర కట్టిస్తాం. ఆ ఎనకాల నువ్వు కూకో. అయ్య కర్రతో కొట్టగానే అందించు. బడికెల్లాలని నీకుంది కదా, ఆ ముచ్చటా తీరతాది. ఇనస్పెక్టరమ్మ వచ్చి ఓసారి అయ్య పాఠం సూస్తే ఇంక ఉద్యోగం కాయితం ఇచ్చేసినట్టే."

ముచ్చట! నాకు మేలు చేసినట్టు నవ్వుతున్నాడు మనిషి. 

"తోలుబొమ్మలాట అనుకున్నారా? ఎనకాల ఆడించేది నేను, ఊరు సూసేది బొమ్మని?"

"మొగోడి పేరుండాల కదే" అన్నారు మా ఆయన, చంటిపిల్లకి నచ్చచెప్పినట్టు. ఆ రాత్రికి అన్నం నేను తినలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇనస్పెక్టరమ్మ పద్మకుమారి గారు శ్రీకాకుళం నుంచి వచ్చేరు. తెల్ల ఖద్దరు చీర, కాళ్ళకి చెప్పులు, చేతికి గడియారం. మా అరుగు మీద కుర్చీ వేసేరు. చుట్టూ ఊరి పెద్దలు, వెనకాల షావుకార్లు, ఆ వెనకాల వీధి. బడి ఇంకా తెరవలేదు కాబట్టి పాఠం ఇక్కడే చూస్తానన్నారావిడ. మావగారు జరీ కండువా వేసుకున్నారు. మా ఆయన వాకిట్లో నిలబడ్డారు. నేను తలుపు వెనక, నా వెనక అత్త.

మొదట బాగానే నడిచింది. పాత పాఠం ఆయనకి నోటికి పట్టేసింది. లేవడం, దిగడం, దొరకడం, తడవడం. తరవాత 'పడు' సంగతి ఎత్తుకున్నారు. కష్టపడడం, సిగ్గుపడడం, ఏలేవాడి మాట, ఏలించుకునేవాడి మాట. అక్షరం పొల్లుపోకుండా చెప్పేరు. తనకి గుర్తుండనిది ఏదీ లేదన్నట్టు చెప్పేరు. నా మాటలు మాత్రం ఆయనకి బాగా గుర్తున్నాయి!

పద్మకుమారి గారు కుర్చీలో ముందుకి జరిగేరు. "ఇది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదండీ. మీకెలా తట్టింది?"

"ఆలోసన" అన్నారు మావగారు, నుదురు తట్టుకుని. "రాత్రనక పగలనక ఆలోసిస్తే తట్టింది."

పెద్దలు తలలూపేరు. నేను తలుపు గడియ పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోకపోతే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

"మరి ఈ గెట్ అన్న మాట అసలు ఎక్కడిదండీ? ఇంగ్లీషువాళ్ళదేనా? ఫర్‌గెట్‌లో కూడా అదే ఉంది కదా, దీనికీ దానికీ సంబంధం ఉందా?" అని అడిగేరావిడ.

మావగారు నవ్వేరు. కండువా సర్దుకున్నారు. చేతికర్ర ఎత్తి స్తంభం మీద కొట్టేరు. టక్ టక్.

నేను పలకలేదు.

టక్ టక్ టక్. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వేరు. మా ఆయన తలుపు దగ్గరకి జరిగి, పళ్ళ బిగువున, "సెప్పవే, పరువు పోతాది" అన్నారు. వెనక నుంచి అత్త నా మోచేతి మీద గిల్లింది, రక్తం వచ్చేలాగ.

పలికితే అది ఆయన ఖాతాలోకి పోతుంది. ఆయనకి ఉద్యోగం, నాకు చాపతెర. పలకకపోతే బడికి ఆయనా ఉండరు, నేనూ ఉండను. ఇంక ఏ గతీ లేదా అనుకుంటూ ఆ స్తంభం వైపు చూసేను. అప్పుడు తట్టింది. ఆలోచించకుండానే తట్టింది. మావగారితో మాట్లాడకూడదంది ఆచారం. స్తంభంతో మాట్లాడమంది. స్తంభానికి ఏ వైపు నిలబడి మాట్లాడాలో చెప్పలేదు.

గడప దాటి అరుగు మీదకి వచ్చేను. అంతమంది మగవాళ్ళ మధ్యకి. పైట తల మీదకి లాక్కుని, మొహం స్తంభం వైపు పెట్టి, వీధి చివర దాకా వినపడేలా చెప్పేను.

"స్తంభమా, మావగారికి సెప్పు. ఆ మాట ఇంగ్లీషోళ్ళది కాదు. ఓడలేసుకుని దోపిడీకి వచ్చినోళ్ళు వాళ్ళ ఒడ్డున దింపేసి పోయిన మాట. నేర్సుకున్నోళ్ళు అదే మాట నోట పెట్టుకుని మళ్ళీ ఓడలెక్కి మన ఒడ్డుకొచ్చేరు. ఫర్‌గెట్ సంబంధమూ సెప్పు. గెట్ అంటే సేతికి దొరకడం. ఫర్‌గెట్ అంటే దొరికినదాని మీద పట్టు తప్పిపోవడం."

పద్మకుమారి గారు లేచి నిలబడ్డారు. నేను ఆగలేదు. ఇన్నాళ్ళు పడ్డదంతా గొంతులోకి వచ్చింది.

"స్తంభమా, ఇదీ సెప్పు. 'పడు' సంగతి ఆయన ఆలోసన కాదు. బియ్యం చెరుగుతా నేను సెప్పింది. ఇక్కడున్న గణపతిరావు గారు విన్నారు, తొడ సరిసేరు, ఇవాళ నోరు మూసుకున్నారు. నన్ను సిలకన్నారు. నేర్పినోడు మరిసిపోతే సిలక అందిస్తాదేటి? బళ్ళో సాపతెర కడతారట. నేను తెర ఎనక్కి రాను. ఆ పిల్లల ముందు నిలబెడితే ఎల్తాను. లేదంటే ఈ కర్ర ఎన్ని దెబ్బలు తిన్నా నేను పలకను."

గణపతిరావు గారు గొడుగు కేసి చూసుకున్నారు.

"లోపలికి పో!" అని మా ఆయన అరిచేరు. మొహం కందగడ్డలా ఉంది.

"అదేదో ఇంగ్లీషులో సెప్పండి, ఎల్తాను" అన్నాను. ఆ మాట మాత్రం స్తంభానికి కాదు, ఆయనకే.

ఆయనకి రాలేదు. రోజూ ఆ అరుగు మీది గెట్ పాఠం వింటూ కొట్టుకి వెళ్ళొచ్చిన మనిషికి 'గెట్ ఇన్' అన్న రెండు ముక్కలూ రాలేదు. ఈసారి వీధిలో నవ్వు గట్టిగానే వినిపించింది.

పెద్దల్లో ఒకాయన లేచి "అమ్మా, మీరేమీ అనుకోకండి, ఆడమనిషి తెలివితక్కువ…" అని మొదలుపెట్టేరు. పద్మకుమారి గారు ఆయన వైపు చూడనైనా చూడలేదు. చేతిసంచీలోంచి కలం తీసేరు. మావగారి ముందుకి వచ్చి, మెల్లిగా, మర్యాదగా అడిగేరు.

"బడికి ఇంగ్లీషు చెప్పే మనిషి దొరికిందండీ. పేరు రాసుకోవాలి. మీ కోడలి పేరేమిటి?"

మావగారు నోరు తెరిచేరు. ఆయన కళ్ళలో కోపం వస్తుందని నేను ఎదురు చూసేను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను, తిరిగి నాలుగు అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కోపం రాలేదు. అసలు ఏదీ రాలేదు. నుదురు తట్టుకున్నారు. కండువా అంచు వేళ్ళతో నలిపేరు. తలుపు దగ్గరున్న మా ఆయన కేసి చూసేరు. మా ఆయన తల దించుకున్నారు. పెళ్ళాం పేరు పలకకూడదు కదా, ఆయుష్షు తగ్గుతుంది.

అప్పుడు మావగారు చేతికర్ర ఎత్తి స్తంభం మీద కొట్టేరు. టక్ టక్.

తల కొంచెం వాల్చి, ఎప్పుడూ వినేలాగే, లోపలి వైపు చెవి పెట్టి కూర్చున్నారు. నా పేరు నన్నే అందించమంటున్నారు. నేను ఆయనకి మూరెడు దూరంలో ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన చెవి మాత్రం ఎవరూ లేని తలుపు వెనక ఉంది.

జాలిపడ్డాను. లేదంటే అబద్ధం. కానీ ఆ జాలి నా కోపాన్ని చల్లార్చలేదు. ఆయన మరిచిపోయింది పెద్దతనం వల్ల. మిగిలినవాళ్ళందరికీ ఏమొచ్చింది? ఆ అరుగు మీద ఉన్న మా కులపు పెద్దలందరూ పొద్దున్నే ఆ పేరుకి చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చినవాళ్ళే.

స్తంభం వైపు నుంచి మొహం తిప్పేను. పైట భుజం మీదకి జారినా సర్దుకోలేదు.

"కన్యకాపరమేశ్వరి" అన్నాను. "కళింగపట్నం సూరయ్య గారి కూతుర్ని."

పద్మకుమారి గారు రాసుకున్నారు. మావగారి మొహం తేటపడింది. హాయిగా వెనక్కి వాలి, సభలో అందరికేసీ ఒకసారి చూసి తల ఊపేరు.

"అదే నేను సెప్పబోతన్నాను" అన్నారు.